స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పాక నాకు టీబీ అని తెలిసింది

ఆ రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే ఎడమ చెవి కింద వేలికి ఏదో తగిలింది. శనగ గింజంత గడ్డ. నొక్కితే నొప్పి లేదు, అటూ ఇటూ కదులుతోంది. ఏ దోమో కుట్టి ఉంటుందిలే అనుకుని జడ వేసుకుని బడికి బయల్దేరాను. సంతోష్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను నేను. పరీక్షల సీజన్‌లో లెక్కల టీచర్‌కు తనకూ ఒక మెడ ఉందని గుర్తుండటమే గొప్ప.

వేసవి సెలవులు వచ్చేసరికి ఆ శనగ గింజ రేగిపండంత అయింది. దాని పక్కన ఇంకో చిన్నది మొలిచింది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి దిండు తడిసిపోయేది. జాకెట్లు వదులయ్యాయి. తోటి టీచర్లు "ఏం డైటింగ్ చేస్తున్నావ్, మాకూ చెప్పు" అని ఆటపట్టించారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం మొదలైంది.

ఇంకెవరైనా అయితే డాక్టర్ దగ్గరికి పోయేవాళ్ళు. మేము పోము. అది చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు.

మా అమ్మానాన్న కోస్తా నుంచి నాన్న ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చారు. కొత్త ఊళ్ళో వాళ్ళను ఆదరించింది ఒక చిన్న సంఘం. మేడ మీద ఒక హాలు, చాపలు, ఒక హార్మోనియం. దాని పెద్దను అందరం పెద్దయ్యగారు అనేవాళ్ళం. తెల్ల చీరే కట్టాలి. నగలు లేవు, పూలు లేవు, సినిమా లేదు, మందుబిళ్ళ లేదు. తలనొప్పి వచ్చినా ప్రార్థనే. మందు మింగినవాళ్ళకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం ఇవ్వరు. బైబిల్లో ఒక రాజుంటాడు, కాళ్ళ జబ్బు వస్తే దేవుణ్ణి అడక్కుండా వైద్యుల దగ్గరికి వెళ్ళి చచ్చిపోతాడు. మా పిల్లలందరికీ అక్షరాలకన్నా ముందు వచ్చిన కథ అది. నన్నెవరూ బలవంతం చేయలేదు. నేను మనసారా నమ్మాను.

మా ఆయన ప్రభాకర్ వేరు. లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగాడు, బండ్ల స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. వాళ్ళది మామూలు చర్చి. నా కోసం మా సంఘంలోకి వచ్చి తెల్ల చొక్కా వేసుకున్నాడు గానీ దాని జేబులో తలనొప్పి మాత్ర ఎప్పుడూ ఉండేది. నాకు తెలుసు. నాకు తెలుసని తనకూ తెలుసు. సంసారం సాగాలంటే కొన్ని చూడనట్టే ఉండాలి కదా.

నాన్న పోయి చాలా ఏళ్ళైంది, గడ్డ సంగతి అమ్మకే చెప్పాను. ఆదివారం పెద్దయ్యగారు నా నుదుటికి నూనె రాసి, గడ్డ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తర్వాత మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. నూనె రాయించుకున్న మనిషి లేచి నిలబడి, స్వస్థత వచ్చేసిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. తగ్గాక చెప్పడం గొప్ప కాదు, తగ్గకముందే చెప్పడం విశ్వాసం. పైగా ఒకసారి చెప్పాక మళ్ళీ ఆ జబ్బు మాట ఎత్తకూడదు. ఎత్తితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే.

కొంగు మెడ చుట్టూ నిండుగా కప్పుకుని లేచాను. "ప్రభువు నా గడ్డను ముట్టాడు, నేను స్వస్థపడ్డాను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. కొంగు కింద గడ్డ రేగిపండంత ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇక చూడండి నా అవస్థ. జ్వరం వస్తుంది, రాలేదనాలి. నీరసంగా ఉంటుంది, హుషారుగా పాడాలి. "ఎలా ఉన్నావమ్మా" అని ఎవరడిగినా "దేవునికి స్తోత్రం" అనేదాన్ని. అమ్మకు కూడా చెప్పలేను. ప్రతి ఆదివారం నా సాక్ష్యాన్ని పెద్దయ్యగారు కొత్తవాళ్ళకు చెప్పేవారు, నేను నిలబడి తల ఊపేదాన్ని. అబద్ధం చెప్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. నాకే విశ్వాసం చాలలేదు, అందుకే తగ్గడం లేదు అనుకుని ఇంకా గట్టిగా ఉపవాసాలు చేశాను. టీబీ ఉన్న ఒంటికి ఉపవాసం! ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

గడ్డ నిమ్మకాయంత అయ్యాక దాచడం కుదరలేదు. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు యాదమ్మక్క. వాళ్ళది పాల వ్యాపారం, పెరట్లో బర్రెలు. ఒకరోజు పాలు పోయడానికి వచ్చి నా కొంగు పక్కకు జరిగినప్పుడు చూసేసింది.

"ఏంది బిడ్డా ఇది? ఎన్ని దినాల సంది ఉంది?" అంది.

"ఏం లేదక్కా, తగ్గిపోయింది" అన్నాను. నోటికి అదే అలవాటైపోయింది.

"తగ్గిపోయిందా? నా కండ్లు దొబ్బినయా ఏంది? ఏ ప్రభాకర్! గిట్ల రా నువ్వు. బర్రెకు గడ్డ లేస్తే డాక్టర్‌ను పిలుస్తం. నీ పెండ్లాం బర్రెకన్నా అధ్వానమా?"

ప్రభాకర్ లోపల్నుంచి వచ్చాడు. బండి తాళం తీసుకుని నా ముందు నిలబడ్డాడు. "నడువు. పాపమైతే నాకే రానియ్యి. దేవునికి నేను జవాబు చెప్పుకుంట" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ తను నాతో అంత గట్టిగా మాట్లాడలేదు. నేను బండెక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ జబ్బుల డాక్టర్ మేడమ్ చూశారు. పాతబస్తీ మనిషే, తెలుగులో సగం ఉర్దూ. గడ్డలోకి సన్న సూది గుచ్చి నీరు తీశారు, దాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారట. ఛాతీ ఎక్స్‌రే తీశారు, రక్త పరీక్షలు చేశారు. రిపోర్టులు వచ్చాక మేడమ్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"లింఫ్ నోడ్ టీబీ. మెడకు వచ్చింది. ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయ్. ఇంట్ల ఎవ్వరికీ అంటదు, ఫికర్ జెయ్యకు. ఆరు నెలలు గోలీలు వేస్కోవాలె. తగ్గిందనిపించినా ఆపొద్దు, సమజ్ అయ్యిందా?"

"మేడమ్, ఇది నేను ఏదైనా తప్పు చేసినందుకు వచ్చిందా?" అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీశారు. "బేటా, ఇది బ్యాక్టీరియా. దానికి నీ తప్పులు ఎరుకలేవు" అన్నారు.

మొదటి మాత్ర ప్రభాకర్ ఎదురుగా కూర్చుని వేయించాడు. నాకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. పుట్టాక నేను మింగిన మొదటి మందుబిళ్ళ అదే. ఎలా మింగాలో తెలియక నమిలేశాను. ఆ చేదుకు తను పడీ పడీ నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. తర్వాత మూత్రం నారింజ రంగులో వస్తే చచ్చిపోతున్నానని అరిచి గోల చేశాను. ఆ మందుకు అలాగే వస్తుందని డాక్టర్ ముందే చెప్పారు, ఏడుపులో నేను వినలేదు.

సంగతి సంఘానికి తెలిసింది. నన్ను బల్లకు దూరం పెట్టారు. నాతో కలిసి భోంచేయకూడదని అందరికీ చెప్పారు, అమ్మకు కూడా. అమ్మ ఏం చేసిందో తెలుసా? కలిసి తినకూడదన్నారు గానీ వండి పెట్టకూడదని అనలేదు కదా అని రోజూ పప్పు, గుడ్డు కూర తెచ్చి స్టవ్ మీద పెట్టి వెళ్ళిపోయేది. మాట్లాడేది కాదు. నేను తినేటప్పుడు గుమ్మం బయట మెట్టు మీద కూర్చునేది. గిన్నె ఖాళీ అయిందో లేదో చూసుకుని తీసుకుపోయేది.

బైబిల్ని మాత్రం నేను బీరువా మీద పెట్టేశాను. తెరిస్తే చాలు, ప్రతి పేజీలో పెద్దయ్యగారి గొంతే వినిపించేది. మా సంఘంలో అందరం స్కేలు, ఎర్ర పెన్ను తీసుకుని కూటానికి వెళ్ళేవాళ్ళం. ఆయన ఏ వచనం చెప్తే ఆ వచనం కింద గీత. ఎన్ని గీతలుంటే అంత భక్తి. నా బైబిల్ చూస్తే ఎర్ర పెన్నుల కంపెనీ వాళ్ళు దండ వేసి సన్మానం చేస్తారు. ఆ కాళ్ళ జబ్బు రాజు కిందైతే రెండు గీతలున్నాయి.

"గా పెద్దయ్య మీద కోపం బుక్కు మీద తియ్యకు. బుక్కు ఏం జేసింది పాపం?" అన్నాడు ప్రభాకర్.

తనకు సులువే. తనవాళ్ళ చర్చిలో నచ్చింది వినేవాళ్ళు, నచ్చకపోతే ఇంటికొచ్చి బిర్యానీ తినేవాళ్ళు. మాకు నేర్పింది అలా కాదు. ఒక్క మాట కాదన్నావా, మొత్తం కాదన్నట్టే. అట్టకూ అట్టకూ మధ్య ఉన్నదంతా ఒకటే రాయి. నేను మందు మింగాను, బతుకుతున్నాను. అంటే ఆ మాట తప్పు. అంటే మొత్తం తప్పేనా? చిన్నప్పటి నుంచి నాతో మాట్లాడిన దేవుడు అసలు లేడా? గడ్డ తగ్గుతుందా లేదా అన్న భయం కన్నా నాకు ఈ భయమే పెద్దదిగా ఉండేది. ఇది ఎవరికి చెప్పుకోవాలి? సంఘంలో చెప్తే అవిశ్వాసి అంటారు, బయట చెప్తే ఇంకా ఆ పిచ్చి పోలేదా అంటారు.

రెండో నెలలో అసలు దెబ్బ తగిలింది. వాంతులు, అన్నం చూస్తే వికారం. యాదమ్మక్క నా కళ్ళు చూసి "పసిరికలైనట్టున్నయ్ బిడ్డా" అంది. పచ్చకామెర్లే అనుకుని ఎల్‌ఎఫ్‌టీ అనే రక్త పరీక్ష చేయిస్తే లివర్ బాగా దెబ్బతిన్నదని తేలింది, ఆ మందుల వల్లే. మేడమ్ అన్ని మాత్రలూ ఆపించి అడ్మిట్ చేసుకున్నారు. అదే సమయంలో గడ్డ పగిలి చీము కారడం మొదలైంది. మందు పనిచేస్తున్నప్పుడు కూడా ఒక్కోసారి గడ్డ పెరిగి పగులుతుందని మేడమ్ చెప్పారు. చెప్పారు గానీ నా చెవికెక్కలేదు. మందు మింగాను, దేవుడు కొట్టాడు. నాకు అదొక్కటే తోచింది.

ఇంటికి వచ్చాక పెద్దయ్యగారు చూడటానికి వచ్చారు. బోనాల రోజులు. మహంకాళి గుడి వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. ఆయన కుర్చీలో కూర్చుని నెమ్మదిగానే మాట్లాడారు.

"అమ్మా, దేవుడు నిన్ను వదల్లేదు. మందులు ఎలాగూ ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టకు. తప్పు ఒప్పుకో, బల్లకు రా."

నిజం చెప్తున్నాను, నాకు తిరిగి సంఘానికి వెళ్ళిపోవాలనిపించింది. అంత అలసిపోయాను. కానీ నోరు ఊరుకోలేదు. "అయ్యగారూ, స్వస్థత రాకముందే వచ్చిందని నాతో ఎందుకు చెప్పించారు? నేను పిల్లలకు లెక్కలు చెప్తాను. లెక్క చేయకుండా జవాబు రాసేస్తే సున్నా వేస్తాను" అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతుల్లోకి చూసుకుంటూ అన్నారు: "మా ఆవిడ కూడా మందు లేకుండానే చనిపోయింది, తల్లీ. ఒక్క మాత్ర ఇవ్వలేదు నేను. అది తప్పని నువ్వంటే నేనెలా బతకను?"

అప్పటిదాకా ఆయన మీద ఎంత కోపం పెంచుకున్నానో! ఆ ముసలాయన ఆ నమ్మకాన్ని పట్టుకున్నది నన్ను తొక్కడానికి కాదు, తాను పడిపోకుండా ఉండటానికి. జాలేసింది. కానీ ఆయన నిలబడటానికి నేను చచ్చిపోలేను కదా. "మీ కోసం ప్రార్థన చేస్తాను అయ్యగారూ, మందులు మాత్రం మానను" అన్నాను. ఆయన తల ఊపి లేచి వెళ్ళిపోయారు. అమ్మ మెట్ల మీదే ఉంది, అంతా విన్నది.

లివర్ కుదుటపడ్డాక మేడమ్ మందులు మళ్ళీ మొదలుపెట్టారు. అన్నీ ఒక్కసారి కాదు. "ఒక్కటి ఇస్త. పడుతదా చూస్త. పడితే ఇంకొకటి. ఏది పడలేదో దాన్ని పక్కన పెడ్త. ఒక్కటి పడలేదని అన్నీ పారేస్తే టీబీ ఎట్ల తగ్గుతది?" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంటికొచ్చి కుర్చీ వేసుకుని బీరువా మీది బైబిల్ దింపాను. మొత్తం రాయి అని ఎవరన్నారు? మా సంఘం అన్నది. సంఘాన్ని వదిలేశాను గానీ వాళ్ళ రూలును నా మీద నేనే నడుపుకుంటున్నాను. సరే, ఒక్కో పేజీ చదువుదాం, ఏది పడుతుందో చూద్దాం అనుకున్నాను. ఎర్ర గీతలున్న పేజీలు తిప్పేశాను. గీతల్లేని తెల్ల పేజీల దగ్గర మాత్రమే ఆగాను. అంటే పెద్దయ్యగారు ఎన్నడూ చెప్పని చోట్లు.

అక్కడేముందో అప్పటిదాకా నాకు నిజంగా తెలియదు. ఒక రాజుకు పుండు లేస్తే ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. కాళ్ళ జబ్బు రాజు ఉన్న బైబిల్లోనే! ఎగిరి గంతేసి ప్రభాకర్‌కు చూపించాను. కానీ ఆ సంబరం సాయంత్రానికే చల్లారింది. వాళ్ళు ఒక వచనంతో కొడితే నేను ఇంకో వచనంతో కొట్టడం, అది కూడా వాళ్ళ ఆటే. నన్ను నిలబెట్టింది అది కాదు.

కీర్తనల్లో ఒకటుంది. ఒక రోగి దేవుణ్ణి నిలదీస్తాడు. ఎందుకు ముఖం దాచుకున్నావు, స్నేహితులందరినీ దూరం చేశావు అని మొరపెట్టుకుంటాడు. చివర్లో స్తోత్రం ఉంటుందేమోనని చూశాను. లేదు. చీకటితోనే ఆగిపోతుంది. ఆ పేజీలో ఒక్క గీత కూడా లేదు. ఎలా ఉంటుంది? మా హాల్లో అలాంటి సాక్ష్యం చెప్తే కూర్చోబెట్టేస్తారు. కానీ ఆ మనిషిని ఆ పుస్తకంలోంచి ఎవరూ వెళ్ళగొట్టలేదు. తగ్గలేదని చెప్పినవాణ్ణి అలాగే ఉండనిచ్చారు. నేను ఆ పేజీ మీద తల పెట్టి బిగ్గరగా ఏడ్చాను. "నాకు తగ్గలేదు. తగ్గిందని అబద్ధం చెప్పాను. నాకు భయంగా ఉంది" అన్నాను దేవుడితో. ఎన్నో నెలల తర్వాత నేను చేసిన మొదటి నిజమైన ప్రార్థన అది.

మందులు పడ్డాయి, ఒక్కటి తప్ప. దాన్ని మార్చారు. మధ్యలో ఆగినందుకు కోర్సు పొడిగించారు. గడ్డ మానింది. జ్వరం పోయింది. ఆకలి మాత్రం ఎంత వేసిందంటే, యాదమ్మక్క "మా బర్రెలు నయం" అని మేలమాడేది. నాకోసం అమ్మవారికి మొక్కుకున్నానని కూడా చెప్పింది. ఒకప్పుడైతే చెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు "చల్లగుండక్కా" అన్నాను.

ఇప్పుడు నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. చెవి కింద చిన్న మచ్చ ఉంది, కప్పుకోను. రంగు చీరలు కడుతున్నాను, బడిలో పిల్లలు మొదట్లో గుర్తుపట్టలేదు. ఆదివారం ఒక్కోసారి ప్రభాకర్ వాళ్ళ చర్చిలో వెనక బెంచీలో కూర్చుంటాను, ఒక్కోసారి వెళ్ళను. బైబిల్ నమ్ముతున్నావా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. పడినవి నమ్ముతున్నాను. పడనివి పక్కన పెట్టాను, పారేయలేదు. ఇంకా చదవాల్సినవి చాలా ఉన్నాయి.

మొన్న అమ్మ వచ్చింది. ఆమెకు కళ్ళలో శుక్లాలు ముదిరాయి, అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటున్నాయట. ఆసుపత్రికి రానంది. "ఏదైనా చదివి పెట్టు" అని మాత్రం అడిగింది, గుమ్మం బయట మెట్టు మీద కూర్చునే. ఏం చదవను? కాస్త ఆలోచించి ఆ చీకటి కీర్తన చదివాను. అయిపోయాక నా వైపు తిరిగింది.

"ఇది మన బైబిల్లోనే ఉందా?" అంది.

"ఉందమ్మా. ముందు నుంచీ ఉంది."

"మీ నాన్న పోయినప్పుడు నన్ను ఏడవనివ్వలేదే. విశ్వాసులు ఏడవకూడదని, విజయ సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. అప్పుడు ఇది నాకెవరూ చదవలేదేం?" అంది. అని, ఇన్నేళ్ళ తర్వాత, నా గుమ్మంలో కూర్చుని నాన్న కోసం ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఏడుపు తగ్గాక కొంగుతో ముఖం తుడుచుకుని "మళ్ళీ చదువు" అంది.

కళ్ళ డాక్టర్ దగ్గరికి ఇంకా ఒప్పుకోలేదు. నేనూ వదలను.

నేను చెప్పేది ఒక్కటే. గడ్డ ఉంటే ఉందనండి. జ్వరం వస్తే వస్తోందనండి. ప్రార్థన మానమని చెప్పను, చేసుకుంటూనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎలా ఉందని అడిగినప్పుడు మాత్రం బాగోకపోతే బాగాలేదనే చెప్పండి, డాక్టర్‌కైనా, దేవుడికైనా.